రైలు పొడుగు కలపని సారు

డిగ్రీ పాసై, బ్యాంకు క్లర్కు పరీక్ష మూడుసార్లు తప్పాక నాకు సిద్దిపేటలో గౌరవమైన ఉద్యోగం ఒకటి దొరికింది. బ్యాంకు పరీక్షకు పిల్లలను తయారుచేసే ఉద్యోగం.

ఎనభైల చివరి మాట ఇది. అప్పట్లో సిద్దిపేటలో డిగ్రీ చదివిన ప్రతివాడి కళ్ల ముందు ఒకటే బొమ్మ ఆడేది. ఫ్యాను కింద కుర్చీ, ముందొక కౌంటరు, కౌంటరుకు అవతల చేతులు కట్టుకుని నిలబడ్డ ఊరు. ఆ కుర్చీ దాకా తీసుకెళ్తామని బోర్డు పెట్టిన ఇన్‌స్టిట్యూట్ ఒక ఎరువుల దుకాణం పైన ఉండేది. కింద యూరియా బస్తాలు దించుతుంటే పైన మేం ఇంగ్లిషు గ్రామరు చెప్పేవాళ్లం. పురుగుమందుల వాసనకు మొదటి వారం తలనొప్పి వచ్చేది. రెండో వారానికి ఆ వాసన లేకపోతే చదువు ఎక్కనట్టు ఉండేది.

ఇన్‌స్టిట్యూట్ పెట్టినాయన తనను డైరెక్టర్ అని పిలిపించుకునేవాడు. ఎండాకాలంలో కూడా సఫారీ సూటు విప్పేవాడు కాదు. ఎప్పుడో ఒకసారి ఆఫీసరు పరీక్ష రాసి, ఇంటర్వ్యూ దాకా వెళ్లి, అక్కడి నుంచి తిరిగొచ్చాడు. తిరిగొచ్చిన సంగతి ఆయనకు గుర్తుండేది కాదు, వెళ్లిన సంగతే గుర్తుండేది. నన్ను పనిలోకి తీసుకున్న రోజు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఎన్నిసార్లు రాసినవ్ తమ్మీ?"

సిగ్గుపడుతూ చెప్పాను. "మూడుసార్లు సార్."

"గంతే గావాలె. మూడుసార్లు రాసినోనికి పేపర్ ఎట్లుంటదో మంచిగ తెలుస్తది. పాసైనోనికి ఏం తెలుస్తది? ఒక్కసారి జూస్తడు, పోతడు."

మూడుసార్లు తప్పినందుకు ఇంట్లో బాపు నాతో మాట్లాడటం మానేశాడు. ఇక్కడ అదే నా అర్హత అయింది. మర్నాటి నుంచి నేను లెక్కల సారును.

లెక్కల నోట్సు నేనే తయారుచేశాను. తయారుచేశాను అంటే, హైదరాబాద్‌లో పాత పుస్తకాల దుకాణాల నుంచి తెచ్చిన గైడ్లలోంచి ఎత్తిరాశాను. ఆ గైడ్లలో చివరి పేజీలు ఉండేవి కావు. జవాబులు ఉండేవి ఆ పేజీల్లోనే. లేనిచోట నాకు తోచిన జవాబు వేసి, స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీసి, కుట్టించి పంచాను. అట్ట మీద నా పేరు పెద్ద అక్షరాలతో ఉండేది. ఆ పుస్తకాన్ని మా అమ్మకు చూపిస్తే కళ్లకద్దుకుంది. పాపం, ఆమెకు చదువు రాదు.

డైరెక్టర్ గారు ఇంటర్వ్యూ పాఠం చెప్పేవాడు. తలుపు ఎట్లా తీయాలి, కుర్చీ చప్పుడు కాకుండా ఎట్లా జరపాలి, చాయ్ ఇస్తే జుర్రకుండా ఎట్లా తాగాలి. సేద్యం చేసే ఇంటి పిల్లలకు, "మా నాయిన ఎవుసం జేస్తడు అనకుండ్రి, అగ్రికల్చరిస్ట్ అనుండ్రి" అని నూరిపోసేవాడు. అన్నిటికంటే ముఖ్యం హాబీ. ఖాళీ దొరికితే బావి దగ్గరికి ఈతకు పోతాం అని ఎవరో నిజం చెప్పబోతే మండిపడ్డాడు. ఎక్కడ చదివాడో, స్టాంపులు సేకరించడాన్ని ఫిలాటెలీ అంటారని, ఆ మాట వినగానే ఇంటర్వ్యూ చేసేవాళ్లు లేచి నిలబడతారని చెప్పాడు. బ్యాచ్ బ్యాచంతా ఫిలాటెలీ బట్టీ పట్టింది. జగదేవ్‌పూర్ నుంచి వచ్చే ఒక కుర్రాడు పట్నంలో ఇంటర్వ్యూకు వెళ్లి ఆ మాటే అన్నాడు. వాళ్లు సంతోషించి, నీ దగ్గర ఏమేం స్టాంపులున్నాయని అడిగారట. "నా తాన లేవు సార్. పోస్టాఫీసుల దొరుకుతయి" అన్నాడట. వాడు తిరిగొచ్చి ఈ సంగతి చెబితే, తప్పు ఉచ్చారణలో ఉండి ఉంటుందని డైరెక్టర్ తేల్చాడు.

నేను చేరిన రెండో ఏడు ఒక అమ్మాయి వచ్చింది. అక్కన్నపేట నుంచి. సిద్దిపేటలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. బీకాం పాసయింది. చివరి బెంచీలో గోడ పక్కన కూర్చునేది. రెండు వారాలు నోరు విప్పలేదు. మంచి పిల్ల అనుకున్నాను. నా లెక్కన మంచి పిల్ల అంటే నోరు విప్పని పిల్ల.

ఆ రోజు రైళ్ల లెక్కలు చెబుతున్నాను. సిద్దిపేటకు అప్పటికి రైలు లేదు. క్లాసులో సగం మంది రైలెక్కలేదు, కొందరు చూడను కూడా లేదు. అయినా రోజుకు పది రైళ్లు మా బోర్డు మీద నుంచి దూసుకుపోయేవి. నూట యాభై మీటర్ల రైలు గంటకు యాభై నాలుగు కిలోమీటర్ల వేగంతో మూడు వందల మీటర్ల ప్లాట్‌ఫాంను ఎంతసేపట్లో దాటుతుంది? సెకనుకు పదిహేను మీటర్లు, మూడు వందల్ని పదిహేనుతో భాగిస్తే ఇరవై. "ఇరవై సెకన్లు" అని గీత కొట్టి, సుద్దపొడి అంటిన చేతులు దులుపుకున్నాను.

గోడ పక్కన చెయ్యి లేచింది.

"సార్, రైలు పొడుగు కలుపలేదు."

"దేనికి కలపాలె?"

"ప్లాట్‌ఫారం దాటుడంటే మొత్తం రైలు దాటాలె గద సార్. మా బస్సు వాగు మీది వంతెన దాటిందంటే ముందటి చక్రాలు దాటితే సరిపోతదా? ఎనుక కూసున్నోళ్లు వంతెన మీదనే ఉంటరు. ముప్పై సెకన్లు వస్తది."

ఆ క్షణంలోనే నాకు అర్థమైంది ఆమె చెప్పింది నిజమని. బస్సులో ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుని తిరిగినవాణ్ని, నాకు అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఇదే లెక్క పరీక్షలో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ రైలును ప్లాట్‌ఫాం మీదే వదిలేసి వచ్చాను.

కానీ నేను సారును. "నోట్సుల ఇరవై ఉన్నది సూడు" అన్నాను.

"నోట్సుల తప్పున్నది సార్."

అట్ట మీద పేరున్నవాడి ముందు అనాల్సిన మాట కాదది. గొంతు పెంచాను. ఆమె పెంచలేదు. పక్క గదిలోంచి డైరెక్టర్ వచ్చాడు. సంగతి విన్నాడు. ఆయనకు లెక్కలు రావు గానీ తీర్పు చెప్పడం వచ్చు.

"చూడమ్మా, రైలే లేని ఊర్ల రైలు పొడుగు ఎందుకు నీకు? సారు చెప్పింది రాసుకో."

"పరీక్షల తప్పైతది సార్."

ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిచి, "గా పిల్లతోని మిగిలినోళ్లకు ధైర్యం పోతది తమ్మీ. బీ బ్యాచ్‌ల ఏద్దాం" అన్నాడు. బీ బ్యాచ్ అప్పటిదాకా లేదు. ఆమె కోసమే పుట్టింది. స్టెన్సిళ్లు, విరిగిన బెంచీలు పెట్టే వెనక గది అది. అక్కడ సారు ఉండడు. సొంతంగా చదువుకోవాలి, దానికి సెల్ఫ్ స్టడీ అని పేరు. రిజిస్టర్లో ఆమె పేరు పక్కన "బీ" అని రాసింది నేనే. పది రోజులు ఆ గదిలో ఒంటరిగా కూర్చుని, పదకొండో రోజు నుంచి రావడం మానేసింది. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం హాయిగా అనిపించింది. మళ్లీ నా రైళ్లు అడ్డూ ఆపూ లేకుండా నడిచాయి.

ఏడాది తిరిగింది. ఒకరోజు పొద్దున ఎంపికైనవాళ్ల నంబర్లు పేపర్లో పడ్డాయి. మా దగ్గర ఆ ఏడు క్రమం తప్పకుండా చదివినవాళ్లెవరి నంబరూ లేదు. డైరెక్టర్ దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. మా గుమ్మం తొక్కిన ప్రతివాళ్ల హాల్ టికెట్ నంబరూ ఎట్లాగో సంపాదించి అందులో రాసుకునేవాడు. వేలితో గీస్తూ గీస్తూ ఒకచోట ఆగి, కుర్చీలోంచి లేచాడు.

"మన పిల్ల కొట్టింది తమ్మీ!"

నంబరు చూశాను. అక్కన్నపేట అమ్మాయిది.

"ఆమె మానేసి పోయింది గద సార్."

"పేరు రిజిస్టర్ల ఉన్నదా?"

"ఉన్నది."

"కొట్టేసినమా?"

"లేదు."

"అయితే మన పిల్లనే."

పూలదండ, శాలువా కొన్నాడు. ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చాడు. ఆయన స్కూటరు నడుపుతుంటే వెనక నేను దండను ఒళ్లో పెట్టుకుని, గాలికి పూరేకులు ఎగిరిపోకుండా రెండు చేతులా కప్పి పట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఎదురైనవాళ్లు నన్నే పెళ్లికొడుకు అనుకుని ఉంటారు.

అక్కన్నపేటలో ఆ ఇంటి ముందు అప్పటికే జీపు ఆగి ఉంది. బస్టాండు వెనక ఉండే ఇంకో ఇన్‌స్టిట్యూట్ ఆయన మాకంటే ముందే వచ్చాడు. ఆయన చేతిలోనూ దండ ఉంది, మా దానికంటే లావుది. ఫీజు ఎంతని అడగడానికి ఆ అమ్మాయి ఒకరోజు వాళ్ల మెట్లెక్కిందట. ఆ మెట్ల ఆధారంతో వచ్చాడు.

వాకిట్లో మక్కకంకులు ఆరబోస్తున్న తండ్రి మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. డైరెక్టర్లిద్దరూ ఎవరు ముందు దండ వెయ్యాలన్నదాని మీద మాటామాటా అనుకుంటున్నారు.

"మా దగ్గర రెగ్యులర్ స్టూడెంటు."

"మా గైడెన్స్ లేకపోతే ఏడికెళ్లి వస్తది?"

తండ్రి ఇది కాసేపు విని, "మా బిడ్డ మీ ఇద్దరి తాన సదివిందా సారూ? నాకైతే ఏడాదిసంది ఇంట్లనే గనవడుతుంది" అన్నాడు.

అమ్మాయి బయటికి వచ్చింది. అందరికీ దండం పెట్టి కుర్చీలు వేసింది. మా డైరెక్టర్ దండ విప్పుతూ ముందుకు పోయాడు. "ఒక్క ఫోటో బిడ్డా. గంతే."

"బీ బ్యాచోళ్లకు దండలు గూడ ఉంటయా సార్?" అంది.

ఆయన నవ్వేశాడు. అవమానం వచ్చినప్పుడు నవ్వడం ఆయనకు ఎప్పటినుంచో అలవాటు. ఆమె నా వైపు తిరిగింది. "సార్, మీ నోట్సు నాకు మస్తు పనికొచ్చింది."

నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. రెండో డైరెక్టర్ వైపు ఒక చూపు కూడా చూశాను. ఆమె లోపలికి వెళ్లి ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. తెరిచాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎర్ర సిరా. నా జవాబు కొట్టివేత, పక్కన సరైన జవాబు, అది ఎట్లా వచ్చిందో చిన్న అక్షరాలతో నాలుగు వరుసలు. రైలు లెక్క పక్కన వంతెన మీద ఒక బస్సు బొమ్మ కూడా వేసుకుంది.

"తప్పు యాడున్నదో ఎతుక్కుంటనే నేర్చుకున్న సార్. అన్నీ సరిగున్న పుస్తకమైతే నేను గింత సదవకపోదును."

ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకునేవాణ్ని. నిజంగానే కృతజ్ఞత చెబుతోంది. ఎక్కడ చూడాలో తెలియక మక్కకంకుల వైపు చూశాను.

ఫోటో మాత్రం వద్దంది. డైరెక్టర్లిద్దరూ ఎంత బతిమాలినా వద్దంది. చివరికి తండ్రి లేచి, "వద్దంటుంది గద సారూ. ఛాయ్ తాగి పోండ్రి" అన్నాడు. తెచ్చిన దండను వెనక్కి తీసుకుపోవడం రెండో ఆయనకు ఇష్టం లేకపోయింది. తీసుకెళ్లి తండ్రి మెడలో వేశాడు. అది చూసి మా డైరెక్టర్ కూడా పరుగెత్తి తనది వేశాడు. రెండు దండలతో, చేతిలో చాటతో నిలబడ్డ ఆ పెద్దమనిషి, "నేనేం పాసైన?" అని కూతురిని అడిగాడు. ఆ ఇంట్లో ఆ రోజు గట్టిగా నవ్వింది ఆమె తల్లి ఒక్కతే.

ఫోటో లేదని ఎవరూ ఆగలేదు. మా డైరెక్టర్ ఆమె చేరిన కొత్తలో తీయించిన గ్రూపు ఫోటోలోంచి ఆమె ముఖం కత్తిరించి కరపత్రం వేయించాడు. పక్కన నిలబడ్డ నా భుజం సగం కూడా అందులో వచ్చింది. బస్టాండు వెనకాయన అంత కష్టం కూడా పడలేదు. ఎవరో వేరే ఆవిడ ఫోటో వేసి కింద ఈ అమ్మాయి పేరు రాశాడు. ప్రెస్సులో సిరా అంత గొప్పది కాబట్టి రెండు కరపత్రాల్లోని నల్లటి మచ్చలూ ఒక్క మనిషివే అనిపించాయి. రెండిటినీ చూసి పిల్లలు రెండు చోట్లా చేరారు.

ఆ రోజు వాళ్లింటి నుంచి వచ్చేటప్పుడు ఎర్ర సిరా పుస్తకం తిరిగి ఇవ్వబోతే, "మీరే ఉంచుకోండ్రి సార్, వచ్చే బ్యాచోళ్లకు అక్కరకొస్తది" అంది. ఉంచుకున్నాను. వారం రోజులు బయటికి తీయలేదు. తరువాత ఒక ఆదివారం కూర్చుని, ఎర్ర సిరాతో ఉన్నదంతా ఉన్నట్టే స్టెన్సిళ్ల మీదికి ఎక్కించాను. కొత్త నోట్సు బయటికొచ్చింది. అట్ట మీద పేరు మార్చాలన్న ఆలోచన రాకపోలేదు. డైరెక్టర్‌ను అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగితే ఒప్పుకోడని నాకు తెలుసు, అందుకే అడగలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఒప్పుకుంటాడేమోనని భయపడ్డాను, అదీ అసలు సంగతి.

ఆ నోట్సుతో మరుసటి ఏడు మా దగ్గర చదివినవాళ్లే ఇద్దరు నిజంగా పాసయ్యారు. ఊళ్లో నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు ఎక్కువయ్యారు. నేను మాత్రం నాలుగోసారి రాసి, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంగ్లిషులో పోయాను.

ఒకరోజు క్లాసు అయిపోయాక మద్దూరు నుంచి వచ్చే కుర్రాడొకడు నోట్సు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"సార్, గీ లెక్కలు మస్తు అల్కగ సమజైతున్నయి. గిట్ల ఎవలు రాసిన్రు సార్?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం. కింద బస్తాలు దించుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

"నేనే" అన్నాను.

వాడు నమ్మాడు. రెండేళ్ల తరువాత ఆ ఇన్‌స్టిట్యూట్ వదిలి బడిపంతులు ఉద్యోగంలో చేరేదాకా అందరికీ అదే చెప్పాను.