ఆవకాయ సీసాలో పౌడర్

పోయిన నెల చనిపోయిన మా చర్చి డాక్టర్ అంకుల్ రైఫిల్ ఈ రోజు నా చేతికొచ్చింది. అమెరికాలో మేముండే కమ్మింగ్‌లో నాతో జింకల వేటకి వచ్చే తెలుగువాళ్లు ఆయనొక్కరే. మోయడానికి తేలిగ్గా ఉంటుందని తూటాల్లో మందు ఎక్కువ పట్టే ఆ మాగ్నమ్ రైఫిల్ బ్యారెల్‌ని పొట్టిగా కట్ చేయించుకున్నారు. దాంతో ఆ మందు, అదే పౌడర్, లోపల పూర్తిగా మండక, గొట్టం చివర నిప్పుల ముద్ద లేచేది. సీజనంతా రకరకాల పౌడర్లు ట్రై చేసి, చివరికి ఒకటి కుదుర్చుకున్నారు. తూటాలు ఆయనే నింపి ఇచ్చేవారు కాబట్టి అదేంటో నేనెప్పుడూ అడగలేదు.

రైఫిల్‌తో పాటు ఆంటీ ఒక ఆవకాయ సీసా ఇచ్చారు. దాన్నిండా పౌడర్.

"డబ్బా తుప్పు పట్టిందని పారేసి ఇందులో పోశాను. సీసా కడిగి, ఎండబెట్టాకే పోశాలే. పనికొస్తుందా నాన్నా?"

"వస్తుంది ఆంటీ," అన్నాను.

పనికిరాదు. ఈ పౌడర్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పేరు ఆ పారేసిన డబ్బా మీదే ఉండేది; అది తెలియకుండా నింపితే రైఫిల్ చేతిలోనే పేలొచ్చు. ఇంటికొచ్చి లాన్‌లో పలచగా చల్లి నీళ్లు కొట్టాను. అంకుల్ అంత వెతికి పట్టుకున్నది గడ్డిలో కలిసిపోయింది.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేసి, "దాంతోనే కాల్చు నాన్నా, ఆయన పక్కనున్నట్టు ఉంటుంది," అన్నారు. సరేనన్నాను.

ఆదివారం చర్చిలో ఆ సీసా తిరిగివ్వాలి. మన ఇళ్లల్లో సీసా ఖాళీగా ఇచ్చే అలవాటు లేదు. ఏం నింపి ఇవ్వాలో మీకేమైనా తోస్తే చెప్పండి.