ఆరు కురిడీ కాయలు

మా వాట్సాప్ గ్రూపులో ఉన్నది నలుగురం. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పుడు ఒకడు అంతర్వేదిలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వాళ్ళది చేపల వేట కుటుంబం. ఒకడు మలికిపురంలో వాళ్ళ నాన్నగారి కొబ్బరి కొట్టు చూసుకుంటాడు. ఇంకొకడు కువైట్‌లో ఏసీలు బిగిస్తాడు. నేను రాజోలు దగ్గర మా ఊళ్ళోనే ఉంటూ, నగరం అనే ఊరి వైపు ఒక గ్యాసు స్టేషనులో కాంట్రాక్టు మీద మీటర్లు చూసేవాణ్ణి. ప్రెషర్ ఎంత, వేడి ఎంత, ఏ గేజి ఎంత తప్పు చూపిస్తోంది, ఇదే రోజంతా నా పని.

గ్రూపుకి ఒక నియమం ఉంది. పెట్టింది నేనే. కాలేజీ వదిలిన మొదటి ఏడాది మేము ఒకరికొకరం శుభోదయాలు, పూలబొమ్మలు తప్ప ఏమీ పంపుకోలేదు. ఎవడికి ఏం జరుగుతోందో ఎవడికీ తెలిసేది కాదు. అది నాకు చిరాకు. అందుకని ఒకరోజు రాసి పడేశాను: ప్రతివాడూ రోజూ సాయంత్రం ఒక ప్లస్, ఒక మైనస్ పెట్టాలి. పెద్ద విషయాలు అక్కర్లేదు. మైనస్ లేని ప్లస్ లెక్కలోకి రాదు. ఈ చివరి ముక్క మలికిపురం వాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసింది; వాడు అన్నీ గొప్పలే చెప్పేవాడు.

నియమం పెట్టాక గ్రూపు బతికింది. అంతర్వేది వాడు ఒకరోజు "ప్లస్: పంటు అందింది. మైనస్: ఎక్కుతుంటే ఒక చెప్పు గోదాట్లో పడింది" అని రాశాడు. మలికిపురం వాడు "ప్లస్: మా అమ్మ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసేను. మైనస్: ఇప్పుడు మా ఇంటి సంగతులు పక్కింటావిడ కూడా చదివేత్తంది" అన్నాడు. కువైట్ వాడిది: "ప్లస్: పప్పుచారు బ్రెమ్మాండంగా కుదిరింది. మైనస్: రూములో అందరూ అదే మాటని గిన్నె ఖాళీ చేసేరు." ఇలాంటివి. నాలుగేళ్ళుగా ఒక్క రోజు కూడా తప్పలేదు.

మార్చి నెలాఖర్లో నేనొక ప్లస్ పెట్టాను. సముద్రంలో గ్యాసు బావుల మీద పనిచేసే ఒక కంపెనీ నన్ను తీసుకుంది. పద్నాలుగు రోజులు సముద్రం మీద, పద్నాలుగు రోజులు ఇంట్లో. నా చదువుకి అంతకన్నా మంచి పని ఈ చుట్టుపక్కల లేదు. ఉద్యోగంలో చేరేముందు విశాఖలో సముద్ర భద్రతా శిక్షణ పూర్తి చెయ్యాలి. అది మొదలవడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. రాలేనివాళ్ళు వారం ముందు చెబితే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు.

ముగ్గురూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. వెంటనే మలికిపురం వాడు తగులుకున్నాడు.

"మైనస్ ఏదిరా?"

"ఈ రోజు లేదు" అన్నాను.

"రూలు నువ్వెట్టిందే కదా. లెక్కలోకి రాదు. ఉద్యోగం కేన్సిల్" అన్నాడు కువైట్ వాడు.

మైనస్ ఉంది. ఆ మధ్యాహ్నమే నేను కంపెనీకి ఒక మెయిల్ రాసి పెట్టుకున్నాను: కుటుంబ కారణాల వల్ల చేరలేకపోతున్నాను, మన్నించగలరు. పంపకుండా డ్రాఫ్టులో ఉంచాను. కుటుంబ కారణాలేమీ లేవు. నాకు ఈత రాదు.

చుట్టూ గోదావరి పాయలు, ఇంటిముందు కాలువ, పెరట్లో నీళ్ళు పారే బోదె. అలాంటి చోట పుట్టి ఈత రాదని చెప్పుకోవడం, నెల్లూరులో పుట్టి అన్నం తినడం రాదన్నట్టు ఉంటుంది. ఆరేళ్ళ వయసులో నాకు చెవిలో చీము పట్టింది. రెండేళ్ళు నీళ్ళలో తల ముంచొద్దన్నారు డాక్టరుగారు. ఆ రెండేళ్ళలో నా ఈడు పిల్లలందరూ నేర్చేసుకున్నారు. తరవాత చిన్నపిల్లల పక్కన నిలబడి మొదలుపెట్టడానికి సిగ్గేసింది. కాలేజీ రోజుల్లో వీళ్ళు గోదాట్లో దూకుతుంటే నేను గట్టు మీద బట్టలకి, ఫోన్లకి కాపలా కాసేవాణ్ణి. ఒకరోజు జలుబు, ఒకరోజు చెవిపోటు, ఒకరోజు మర్నాడు ల్యాబ్ రికార్డు. ఏ సాకు ఎప్పుడు వాడానో గుర్తుపెట్టుకుని, వరసగా ఒకటే రెండుసార్లు రాకుండా చూసుకునేవాణ్ణి.

మర్నాడు సాయంత్రం దాకా ఆలోచించి టైపు చేశాను. "నిన్నటి మైనస్: నాకు ఈత రాదు."

టిక్కులు నీలంగా మారాయి, ముగ్గురూ చూసేశారు. తరవాత అంతర్వేది వాడి నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నలభై సెకన్లు. మొదటి ముప్ఫై నవ్వే. చివర్లో, "ఒరే, మూడేళ్ళు నా లుంగీకి కాపలా కాసేవు కదరా... రేపు పొద్దున్న ఆరింటికి మీ కాలవ రేవులో ఉంటాను. చెడ్డీ వేసుకుని రా."

"కాయలు నేను తెత్తాను" అన్నాడు మలికిపురం వాడు.

మా వైపు పిల్లలు కొబ్బరికాయలు కట్టుకునే ఈత నేర్చుకుంటారు. కురిడీ కాయలైతే ఇంకా మంచివి. ఒలవకుండా అటక మీద నెలల తరబడి ఉంచితే లోపల నీళ్ళన్నీ ఇంకిపోతాయి, పై పీచు డొక్కతో సహా బెండులా తేలతాయి. ఎన్ని కావాలని వాడు అడిగాడు. నేను కాయ బరువు, కాయ తొలగించే నీళ్ళ బరువు, నా బరువు అన్నీ వేసి, జాగ్రత్త కోసం కొంత కలిపి, ఆరు అని చెప్పాను.

"రెండు చాలురా బాబూ."

"లెక్క ప్రకారం ఆరు."

ఆరూ బెల్టులాగా నడుం చుట్టూ కట్టుకుని రేవు మెట్లు దిగాను. మెట్టు మీద గిన్నెలు తోముకుంటున్న మామ్మగారు చెయ్యి ఆపి చూశారు.

"కాయలు ఎక్కడికి బాబూ?"

"ఈత నేర్చుకుంటున్నామండి మామ్మగారూ."

"ఆయ్. ఎవరికండీ?"

"నాకేనండి."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మంచిదండి. దేనికైనా వయసుతో పనేవుందండీ" అని, గిన్నెలు ప్రమాదం లేని మెట్టు మీదకి జరుపుకున్నారు.

నీళ్ళలో పడుకోగానే నా నడుము బెండులా పైకి లేచింది. దాంతోపాటు తల కిందికి పోయింది. కాలువ అడుగు చూశాను. అంతర్వేది వాడు జుట్టు పట్టుకుని లేపాడు.

"ఒరే ఇంజనీరూ, తేలాల్సింది మునిగి, మునగాల్సింది తేలిందిరా."

లెక్క తప్పు కాదు. ఎన్ని కాయలన్నది చూశాను గానీ ఎక్కడ కట్టాలన్నది చూడలేదు. వాడు కాయల్ని జంటలుగా కట్టి, తాళ్ళు నా ఛాతీ కిందుగా వచ్చేలా వేశాడు. తల పైకి వచ్చింది. ఆ సాయంత్రం పెట్టాను: "ప్లస్: ఆరు కాయలతో పది నిమిషాలు తేలేను. మైనస్: మూడు గుక్కలు కాలవ నీళ్ళు తాగేను."

"లెక్కెట్టి తాగేవేంట్రా?" అన్నాడు కువైట్ వాడు.

లెక్కపెట్టే తాగాను. తారీఖు, కాయలు, నిమిషాలు, గుక్కలు అని నాలుగు గడులతో షీటు వేసి, రోజూ ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాణ్ణి. అందరికన్నా ఎక్కువ సలహాలు కువైట్ నుంచి వచ్చేవి. "కాళ్ళు కప్పలా కొట్టాలిరా. ఊపిరి ముందే పీల్చుకోవాలి. గోదాట్లో నేనెలా ఈదేవోణ్ణో చూళ్ళేదా? గట్టు మీదే కదా కూచునేవోడివి!" నిజమే, వాడు ఎప్పుడూ భుజాల దాకా నీళ్ళలో నిలబడి, చేతులు విసురుతూ అందరికన్నా ఎక్కువ అల్లరి చేసేవాడు.

ఆరో రోజుకి నాలుగు కాయలయ్యాయి. పదకొండో రోజుకి రెండు. అక్కడ ఆగిపోయాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, మూడు రోజులూ షీటులో రెండే. ఆ రెండూ తియ్యమంటే, రేపు అనేవాణ్ణి. మామ్మగారికి నా మీద నమ్మకం కుదిరినట్టుంది. "అయ్యి తీసేయండి బాబూ, బానే ఆడుతున్నాయి కాళ్ళు" అనేవారు. నేను ఆయ్ అనేవాణ్ణి, తీసేవాణ్ణి కాదు.

పదిహేనో రోజు పొద్దున్న వెళ్ళేసరికి నీళ్ళు మూడు మెట్లు కిందికి పోయి, మోకాలిలోతు మిగిలాయి. గేదెలు బురదలో హాయిగా పడుకున్నాయి.

"కాలవ కట్టేసేరండి. మళ్ళీ జూన్లోనే వదులుతారు" అన్నారు మామ్మగారు, ఆ తప్పేదో తనదన్నట్టు.

ఏటా వేసవికి కాలువ కడతారు. మొదటిరోజే గుర్తుపెట్టుకోవలసిన విషయం, నా షీటులో దానికి గడి లేదు. నిజం చెప్పాలంటే నాకు బాధకంటే తేలికే ఎక్కువ అనిపించింది. ఇంటికెళ్ళి డ్రాఫ్టు మెయిల్ తెరిచి, ఒక కామా సరిచేశాను. కాదని చెప్పడానికి ఆఖరి గడువు సోమవారం. అంటే ఇంకా రెండు రోజులు.

"మైనస్: కాలవ కట్టేసేరు. ప్లస్: లేదు" అని పెట్టాను.

అంతర్వేది వాడు రాశాడు: "ప్లస్ నేను రాత్తాను. గోదారి కట్టలేదు."

ఆదివారం వాళ్ళ నాన్నగారి పడవలో ముగ్గురం వెళ్ళాం. పోటు నిండాక పాటు మొదలయ్యేలోగా, నీళ్ళు కాసేపు కదలకుండా నిలబడతాయి. ఆ వేళ వాడికి కంఠతా వచ్చు. ఇసక గట్టుకి ఇరవై బారల దూరంలో లంగరు వేశాడు. పడవ కింద రెండు నిలువుల లోతు. మలికిపురం వాడు కువైట్‌కి వీడియో కాల్ కలిపి, ఫోను నా మీదకి తిప్పాడు. వాడి రెండో చేతిలో గోతాం, గోతాంలో ఆరు కాయలూ ఉన్నాయి.

నేను రెండు కాయలు కట్టుకుని పడవ అంచు మీద కూర్చున్నాను. మా స్టేషనులో ఏ గేజి మీదైనా అనుమానం వస్తే, ముందు దాన్ని లైనులోంచి విప్పి చూస్తాం. ఏమీ తగిలించనప్పుడు ముల్లు సున్నా మీదకి రావాలి. రాకపోతే అప్పటిదాకా అది చూపించిందేదీ నమ్మడానికి లేదు. ఈ రెండు కాయలు నన్ను మోస్తున్నాయా, ఊరికే వెంట వస్తున్నాయా అన్నది వాటిని కట్టుకుని తేల్చలేను. తేలకపోతే సోమవారం ఆ మెయిలే పంపుతాను.

ముడి విప్పి కాయలు అంతర్వేది వాడికిచ్చాను. వాడు వాటిని చంకలో పెట్టుకుని ముందు నీళ్ళలోకి దిగాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సముద్రం మీద తిరిగేవాడు, రెండు కొబ్బరికాయలు పట్టుకుని నా పక్కన తేలుతున్నాడు. మలికిపురం వాడికి నవ్వాగలేదు, పడవ ఊగింది.

జారిపోయాను. నీళ్ళు ఉప్పగా, కాలువకన్నా చల్లగా ఉన్నాయి. చేతులు ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు దగ్గర ఒక గుక్క లోపలికి పోయింది, దగ్గొచ్చింది, కాళ్ళు కిందికి జారాయి. కింద ఏమీ లేదు.

"ఎల్లకిలా తిరుగు! చెప్పేనా లేదా? తిరుగు!" అని అరిచాడు అంతర్వేది వాడు.

తిరిగాను. ఆకాశం కనిపించింది. నీళ్ళు నన్ను పట్టుకునే ఉన్నాయి. ఊపిరి తీసుకున్నాను. వాడు దగ్గరికి రాలేదు, కాయలు చాపలేదు. రెండు బారల దూరంలో అలాగే ఉన్నాడు. మళ్ళీ బోర్లా తిరిగి చేతులు వేశాను. ఆ తరవాత ఎన్నో నాకు తెలియదు. వేలికి ఇసక తగిలింది.

పడవలోంచి కేకలు. ఫోనులోంచి ఇంకా పెద్ద కేకలు. మలికిపురం వాడు ఆనందంలో గోతాం వదిలేశాడు, నాలుగు కాయలు గోదాట్లో దొర్లి చక్కగా తేలుతూ పోతుంటే అంతర్వేది వాడు తిట్టుకుంటూ ఏరుకొచ్చాడు.

సాయంత్రం రాశాను: "ప్లస్: ఇరవై బారలు, సున్నా కాయలు. మైనస్: పదకొండు తరవాత చేతుల లెక్క తప్పిపోయింది."

"అది మైనస్ కాదురా, నీకు మొదటిసారి బుద్ధొచ్చింది" అన్నాడు కువైట్ వాడు. నేను డ్రాఫ్టు తీసేశాను.

విశాఖలో పద్దెనిమిదిమందిమి. మొదటి గంటలోనే శిక్షకుడు అడిగాడు: "ఈత రానివాళ్ళు చేతులెత్తండి." ఏడుగురు ఎత్తారు. "ఏం పర్వాలేదు. లైఫ్ జాకెట్ ఉంటుంది. ఇక్కడ ఈత పరీక్ష లేదు, నీళ్ళలో కంగారు పడకుండా ఉంటే చాలు." నేను కాసేపు ఎవరివైపూ చూడలేదు. కానీ మర్నాడు, బావుల దగ్గరికి తీసుకెళ్ళే హెలికాప్టర్ గదిలాంటి పెట్టెలో బెల్టులు బిగించి కూర్చోబెట్టి, నీళ్ళలోకి దించి తలకిందులుగా తిప్పినప్పుడు, ముక్కులోకి నీళ్ళు పోయినా కళ్ళు మూసుకోలేదు. కిటికీ తోసి, బెల్టు విప్పి, పైకి వచ్చాను. ఏడు సెకన్లు. ఈసారి లెక్క తప్పలేదు.

"ప్లస్: పాసయ్యేను. మైనస్: ఇక్కడ ఈత రావక్కర్లేదంట" అని పెట్టాను.

అంతర్వేది వాడి నవ్వు ఈసారి నిమిషం దాటింది. మలికిపురం వాడు కొబ్బరికాయ బొమ్మలు ఆరు పెట్టాడు. కువైట్ వాడి పేరు కింద టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్ళీ కనిపించింది.

"ప్లస్: సెలవు దొరికింది, జూన్లో వత్తన్నాను. మైనస్: నాకూ ఈత రాదు. కాలేజీలో కాళ్ళు నేలకానించి చేతులు ఊపేవోణ్ణి."

నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి: వాడి భుజాలెప్పుడూ నీళ్ళపైనే ఉండటం, ఎప్పుడూ గట్టు దగ్గరే అల్లరి, ఆ కప్ప సలహాలు. అన్నీ చూశాను, మూడేళ్ళు గట్టు మీద కూర్చుని అదే పనిగా చూశాను, ఒక్కటీ పట్టుకోలేకపోయాను.

మలికిపురం వాడు ఫొటో పంపాడు. కొట్టు అటక మీద ఆరు కాయలు, తాళ్ళతో సహా. "కొట్టకుండా దాచేను."

"కాలవ కూడా జూన్లోనే వదులుతారంట, మామ్మగారు చెప్పేరు" అన్నాను. షీటులో కొత్త పేజీ తెరిచి, పైన వాడి కోసం మొదటి సూచన రాసి గ్రూపులో పెట్టాను: నడుముకి కట్టకూడదు.