తల లేని చెట్టు నాదంటే నాదని

ఆ రోజుల్లో ధైర్యమంటే నాదే అనుకునేదాన్ని. టెక్కలిలో గుమాస్తా ఉద్యోగం, చేతిలో జీతం, ఎవరినీ తోడు అడక్కుండా బస్సెక్కి ఎక్కడికైనా వెళ్లిరాగల స్వేచ్ఛ, ఇంకేం కావాలి? శకునాలంటే ఫక్కున నవ్వేదాన్ని. పిల్లి ఎదురొచ్చిందని ఇంటికి వెనక్కి వెళ్లి ఆఫీసుకు ఆలస్యంగా వచ్చిన పక్క సీటాయన్ని వారం రోజులు ఏడిపించాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకింకా ముప్ఫై నిండకముందు, మా హాస్టల్ బడిలో పాత విద్యార్థినులందరం శని, ఆదివారాలు కలుసుకున్నాం. అక్కణ్ణుంచి వచ్చాక ఆ నవ్వు కాస్త తగ్గింది. (పిల్లి సంగతి ఇప్పటికీ ఒప్పుకోను. చెట్టు సంగతి వేరు.)

మా బడి పూండి దాటి సముద్రం వైపు వెళ్తే, జీడితోటల మధ్య ఉండేది. ఆడపిల్లలం అక్కడే ఉండి చదువుకునేవాళ్లం. పదో తరగతి పరీక్షలయ్యాక ఇళ్లకు వెళ్లే ముందు ఒక్కొక్కరం వెనక గోడ వెంట ఒక్కో కొబ్బరి మొక్క నాటాలని మా వార్డెనమ్మ నియమం. హాలులో మా మంచాలు ఏ వరసలో ఉంటే మొక్కలూ అదే వరసలో. నా మంచానికి ఒక పక్క బొండాం, ఇంకో పక్క టెలిగ్రాం. బొండాం ఉద్దానం కొబ్బరి రైతు కూతురు, మనిషీ నిండుగా గుండ్రంగా ఉండేది కనక ఆ పేరు. సోంపేట పిల్లకు టెలిగ్రాం అని ఎందుకు పేరొచ్చిందో చెప్పక్కర్లేదనుకుంటాను. నా మొక్క సరిగ్గా బట్టలుతికే బండ పక్కన పడింది. "మీరెక్కడున్నా ఈటిని సూత్తే మీరెలగున్నారో నాకు తెలిసిపోద్ది" అనేది వార్డెనమ్మ. ఆ వయసులో ఆ మాట ఎంతో ముద్దుగా అనిపించింది.

మేం కలుసుకున్నది వేసవి సెలవుల్లో. పిల్లలెవరూ లేక బడి బోసిగా ఉంది. ఖాళీ మంచాల మధ్య ఎవరు మాట్లాడినా ఆ మాట గోడకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేది, అవతల ఇంకెవరో మాట్లాడినట్టు. మిట్టమధ్యాహ్నం, కాళ్లు కాలుతున్నా, ముందు చెట్లు చూసి వద్దామని అందరం వెనక్కి పరుగెత్తాం. ఎంత ఎదిగాయో! గెలలు దిగి, మట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ గలగలమంటున్నాయి. ఎవరి చెట్టును వాళ్లు కౌగిలించుకుంటున్నారు. నేను బండ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అక్కడ మట్టలు లేవు, నడుమ చిగురు మొవ్వు లేదు, గెల లేదు. నల్లబడిన మాను ఒకటి నిలువుగా ఉంది, పైన తల లేదు.

నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. "కొమ్ము పురుగు తినీసుంటాదే" అంది బొండాం, అవసరానికి మించిన తొందరతో. తోటలో చెట్టు పోతే ఇంట్లో మనిషి పోయినట్టేనని, ఆ పూట వాళ్ల నాన్నమ్మ స్నానం చేస్తే గాని అన్నం ముట్టదని హాస్టల్లో మాకు చెప్పింది తనే. నేను నవ్వాను. "పోనీలే, నా తల కూడా ఖాళీయే కదా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. నా మెడకు కుడివైపు ఉసిరికాయంత గడ్డ. కోసి చూస్తే గాని మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారు విశాఖపట్నం డాక్టరుగారు. ఆ మంగళవారమే ఆపరేషను. ఆ ఎండలో కూడా పైట కొంగు మెడ చుట్టూ కప్పుకుని తిరుగుతున్నది అందుకే. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కోసేదేమో మెడ దగ్గర, నా చెట్టుకేమో తల లేదు.

భోజనాల దగ్గర ఇంకో వింత. పచ్చి జీడిపప్పు కూర వడ్డించారు. హాస్టల్ రోజుల్లో ఒక్క పప్పు కోసం జుట్లు పట్టుకున్నవాళ్లం. ఆ రోజు మాత్రం నాకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు వాళ్ల ఆకుల్లోంచి పప్పులు ఏరి నా ఆకులో వేస్తున్నారు. "తినవే, బాగా తిను" అంటున్నారు. ఎదురుగా కూర్చున్న పిల్ల నేను తింటుంటే కళ్లు తుడుచుకుంది. తద్దినం నాడు భోక్తకు కూడా అంత మర్యాద జరగదు. (అయినా ఒక్క పప్పూ వదల్లేదు. భయం వేరు, పచ్చి జీడిపప్పు వేరు.)

తిన్నాక అందరూ పాత మంచాల మీద వాలి నిద్రపోయారు. నాకు పట్టలేదు. కాళ్లు వాటంతటవే వెనక్కి తీసుకెళ్లాయి. గాలి ఆగిపోయింది, సముద్రం హోరు మాత్రం వస్తోంది. కుళ్లిన జీడిపళ్ల వాసన ముక్కుకు పట్టేసింది. మాను మీద చెయ్యి వేశాను, వెచ్చగా ఉంది. చెవి ఆనించాను. లోపల ఏదో గీరుతోంది. నేను ఊపిరి బిగబడితే అదీ ఆగింది. ఊపిరి వదిలితే మళ్లీ గీరింది. చెయ్యి తీసి మెడ తడుముకున్నాను. గడ్డ కింద నరం కొట్టుకుంటోంది. లోపలి చప్పుడు కూడా సరిగ్గా అలాగే కొట్టుకుంటున్నట్టు అనిపించింది.

"ఏటే, ఒక్కదానివీ ఇక్కడేటి సేత్తన్నావు?" అంటూ వెనకనుంచి బొండాం. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇక దాచలేకపోయాను. కొంగు తీసి మెడ చూపించాను, మంగళవారం సంగతి చెప్పాను. "నేను చచ్చిపోతానేమో అని భయంగా ఉందే" అన్నాను. ఆ మాట మా ఆయన దగ్గర కూడా అనలేదు. బొండాం నా చెయ్యి పట్టుకుని, బండ మీద చాలాసేపు నా పక్కన కూర్చుంది. గోడ మూల టెలిగ్రాం చీర చెంగు కనబడి మాయమైంది. సాయంత్రం టీ వేళకు అందరి చూపులూ నా మెడ మీదే.

ఆదివారం పొద్దున్న ఫొటోల కార్యక్రమం. ఎవరి చెట్టు పక్కన వాళ్లు నిలబడి ఫొటో దిగాలి, ఆ ఫొటోలు వార్డెనమ్మకు ఇచ్చి వెళ్లాలి. పలాసనుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు వరసగా తీసుకుంటూ వస్తున్నాడు. బొండాంది అయింది. నా వంతు వచ్చింది. ఆ మాను పక్కన నిలబడి ఫొటో దిగితే, మంగళవారం తరవాత దానికి దండ వేసేస్తారని నా మనసుకు తట్టింది. ఇక అడుగు పడితే ఒట్టు.

అప్పుడు బొండాం వెళ్లి ఆ మానుకు వీపు ఆనించి నిలబడింది. "ఇలగ తియ్యి బాబూ. ఈ సెట్టు నాది."

"మీకు ఇందాకే తీసీసాను కదండీ, పక్క సెట్టు కాడ" అన్నాడతను.

"అది పొరపాటు. మంచాలు కిటికీ కాడ నుంచి లెక్కెట్టాల. గుమ్మం కాడ నుంచి కాదు."

"కిటికీ కాడ నుంచయితే అది నాకొత్తాది గాని నీకెలగొత్తాదే?" అంటూ టెలిగ్రాం వెళ్లి బొండాన్ని పక్కకు నెట్టింది. అక్కణ్ణుంచి ఇక అడక్కండి. మధ్యలో ఒక మంచం విరిగిపోయింది కనక లెక్క మారిందని, ఆ చెట్టు నాదని ఒకతి. మీజిల్స్ వచ్చినప్పుడు మంచాలు మార్చారు కనక నాదని ఇంకొకతి. ఇద్దరు పిల్లల తల్లులు, బళ్లో పాఠాలు చెప్పేవాళ్లు, చచ్చిన మాను కోసం కొంగులు బిగించి కీచులాడుకుంటున్నారు. "అది నాదే, నాకు తెలుసు" అన్నాను. "నీకేటి తెలుసు, లెక్కల్లో నీకెప్పుడూ గుండుసున్నాయే" అంది బొండాం. ఉతికే బండ అక్కడే, మా కాళ్ల దగ్గరే ఉంది. ఒక్కరు కూడా దాని వైపు చూడలేదు.

చివరికి వార్డెనమ్మ కర్ర ఊతంతో వచ్చింది. "గొయ్యి తవ్వింది నాను. మీరెల్లిపోనాక నీళ్లు పోసింది నాను. పెద్దదాన్ని నానుండగా అది మీకెందుకే? తప్పుకోండి" అని అందరినీ నెట్టి మాను పక్కన నిలబడింది. నేను ఏడ్చేశాను. ఫొటోగ్రాఫరు విసుగెత్తి, "అందరూ నిల్సోండమ్మా, రీలు అయిపోతన్నాది" అన్నాడు. అందరం ఆ మాను చుట్టూ చేరాం. ఫ్లాష్ వెలగడం, మాను లోపలినుంచి కీచుమంటూ ఏదో మా తలల మీదుగా దూసుకుపోవడం ఒక్కసారే జరిగాయి. రామచిలక. కానీ అది చిలక అని చూసింది వార్డెనమ్మ ఒక్కతే. మిగతావాళ్లం అప్పటికే జీడితోట దాకా పరుగెత్తాం. ఆ ఫొటోలో ఆవిడా, మానూ, చెదిరిన చీరల చివర్లూ ఉంటాయి.

మంగళవారం నా గడ్డ కోశారు. ఉత్త కొవ్వు గడ్డ అన్నారు. మా ఆయన కొబ్బరికాయ కొడతానంటే వద్దన్నాను, ఆ పూట కొబ్బరి మీద చెయ్యి చేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. వార్డెనమ్మ చాలా ఏళ్లు బతికి, పండుముసలయ్యాక, నిద్రలోనే పోయింది. వయసేనని అందరూ అన్నారు, నాకూ తెలుసు. అయినా ఏ జబ్బని నలుగురిని అడిగి గాని ఊరుకోలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటింది. ఆఫీసులో శకునాల మీద ఇంకా జోకులు వేస్తూనే ఉంటాను. ఆదివారం పొద్దున్న మాత్రం బొండానికి ఫోన్ చేస్తాను. పెరట్లో ఆవు దగ్గర ఉంటుంది కనక ఎత్తడం ఆలస్యమవుతుందని నాకు తెలుసు. అయినా మోగినంతసేపూ మెడ మీది కుట్ల మచ్చ తడుముకుంటూ వంటింట్లో నిలబడే ఉంటాను. "నానింకా సావలేదే, ఫోనెట్టీ" అని అవతల తిట్టు వినబడ్డాకే కాఫీకి పాలు పొయ్యి మీద పెడతాను.