ఆదివారం తలుపు కాపలా

కామాటిపురలో, పొడవాటి గ్యాలరీ వెంట వరుసగా ఒంటిగదులుండే మా చాల్‌లో పగటిపూట ఎవరూ తలుపు మూసేవారు కాదు. మూశారంటే ఇంట్లో ఎవరికో జ్వరమైనా వచ్చి ఉండాలి, కొత్తగా పెళ్లైనా అయి ఉండాలి. ఎనభైల మొదట్లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, పాలమూరు నుంచి ఆ చాల్‌కు కోడలిగా వచ్చాను. ఉన్నది ఒక్క గది. అందులో అత్త, మామ, ఇద్దరు ఆడపడుచులు, మేమిద్దరం. పదిహేను రోజులు గడిచినా ఆయన నా చెయ్యి పట్టుకున్నది పెళ్లిపీటల మీద మాత్రమే.

ఇందుకు చాల్ వాళ్లకో పద్ధతి ఉండేది. కొత్త జంటను వదిలి ఇంటిల్లిపాదీ ఆదివారం మధ్యాహ్నం గ్రాంట్ రోడ్ వైపు సినిమాకు పోయేవారు. ఇరుగుపొరుగులో ఒకరు ఏదో పని ముందేసుకుని గడప బయట కూర్చునేవారు, పిల్లలు తలుపు బాదకుండా, చక్కెరకనో చాయ్‌పత్తికనో ఎవరూ పిలవకుండా. మాకు కాపలా కూర్చున్నది పక్క గది అమ్మాయి.

ఆ అమ్మాయంటే నాకు ఒళ్లుమంట. నా ఈడుదే, నాగ్‌పాడాలో కుట్టుపనికి పోయేది. ఆయనా ఆమే ఒకే గ్యాలరీలో పెరిగారు. ఇద్దరూ మరాఠీలో గడగడా మాట్లాడుకుని నవ్వేవారు. ఏమిటని అడిగితే ఆయన "ఊకెనే" అనేవారు. నాకేమో ముద్దంటే ముక్కు ఎటు తిప్పుకోవాలో, కళ్లు ఎప్పుడు మూసుకోవాలో కూడా తెలియదు. ఆయనకు అన్నీ వచ్చని, ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాకు తెలుసునని నాకు నేనే తేల్చేసుకున్నాను.

ఆ ఆదివారం గడియ పెట్టి ఆయన నా పక్కన కూర్చున్నారు. బయట ఆమె జాకెట్లకు హుక్కులు కుడుతూ పిల్లల్ని కసురుతోంది. "ఏయ్, అటు పోయి ఆడుకోండ్రి!" ఆ గొంతుకు ఆయన ముఖంలో ఏమైనా కదులుతుందా అని చూశాను. ఆ ముఖం నా మీదికి వంగింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ పిల్లకు ముద్దు పెట్టిండ్రా మీరు?"

"లేదు. రెండేండ్ల కింద అడిగిన. వద్దన్నది."

అబద్ధం చెప్పినా బాగుండేది అనుకున్నాను. "మరి ఇంకెవరికి పెట్టిండ్రు?"

"ఎవరికి పెడ్త? నాకూ రాదు." ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ముందు నవ్వొచ్చింది, వెంటనే కడుపు రగిలింది. పెట్టించుకుని ఉంటే ఆమెను నోరారా తిట్టుకునేదాన్ని. వద్దన్న మనిషిని ఏమని తిట్టను? పైగా మా కోసమే ఉక్కలో కూర్చుంది. నేను ముడుచుకుని గోడవైపు తిరిగాను. సినిమా వదిలే వేళైంది.

"పోనీ తియ్, మల్ల ఐతవారం సూద్దాం," అన్నారాయన.

మళ్లీ ఆదివారమూ బయట కూర్చునేది ఆమే. ఆ మాట తట్టగానే ఆయన చొక్కా పట్టుకుని లాగి నేనే ముద్దు పెట్టాను. పళ్లకు పళ్లు కొట్టుకున్నాయి. ఆయన కింది పెదవి చిట్లింది.

తలుపు తీశాను. ఆమె తలెత్తి ముందు ఆయన పెదవి చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నేనే పెట్టిన," అన్నాను, ఎవరూ అడగకపోయినా.

ఆమె జాకెట్లు మడిచి చంకన పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వి ఉంటే నా మంట ఆ రోజుతోనే చల్లారేది.