డాక్టర్ రౌటియో ఓడిపోయిన కబురు

డాక్టర్ ఐలీ రౌటియోకి ఆశ అంటే గిట్టదు. లిఫ్టు ఎక్కితే మధ్యలో ఆగిపోతుందంటుంది. పుట్టినరోజుకి కేకు తెస్తే లోపల పచ్చిగా ఉంటుందంటుంది. ఏప్రిల్లో ఎండ కాస్తే, "సంబరపడకండి, మళ్ళీ మంచు పడుతుంది" అంటుంది. మాది అమెరికా ఉత్తరపు కొసన మంచు ఊరు డులూత్ కాబట్టి ఆ ఒక్క విషయంలో ఆవిడ మాట ఎప్పుడూ తప్పలేదు.

గర్భిణులకు థైరాయిడ్ కొద్దిగా తక్కువుంటే, మాత్ర ఇస్తే కడుపు నిలుస్తుందా? ఇదీ ఆవిడ పరిశోధన. జుట్టు నెరవకముందు మొదలుపెట్టింది. నేను ఆవిడ దగ్గర నర్సుని. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికేది వెళుతోందో మాకే తెలియదు.

"బిడ్డ దక్కుతుందా డాక్టరమ్మా?" అని అడగని తల్లి లేదు.

"నాకేం తెలుసు?"

వాళ్ళు బయటికొచ్చి నా భుజం మీద ఏడ్చేవాళ్ళు. ఒకసారి పోట్లాడాను. "ఫర్వాలేదమ్మా అంటే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అంటే నమ్ముతారు, కార్లా" అంది.

చివరికి ఎవరికేది వెళ్ళిందో బయటపెట్టారు, ఫలితం తేలింది. అసలు మాత్రకీ ఉత్త మాత్రకీ తేడా ఏమీ లేదు. "నేను ముందే అనలేదూ?" అనబోయి సగంలో మానేసింది. సింకు దగ్గరికెళ్ళి కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది.

"ఇదీ ఒక ఫలితమేగా" అన్నాను.

"అవును. బతుకంతా ధారపోసి తెచ్చుకున్న సున్నా."

ఆ తర్వాత లిఫ్టుని తిట్టడం కూడా మానేసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

అలాంటి రోజుల్లో జోలీన్ పెర్కో వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది. మా పరిశోధనలో చేరి, బిడ్డను పోగొట్టుకున్న మనిషి. కోటైనా విప్పలేదు.

"నాకిచ్చింది అసలు మాత్రేనట కదా?"

"అవును."

"మధ్యలో కొన్నాళ్ళు వేసుకోలేదు. మరిచిపోయాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. అందుకే పోయింది కదూ?"

డాక్టరమ్మ కుర్చీ ఆవిడ దగ్గరికి లాక్కుంది.

"జోలీన్, నా మాట విను. సరిగ్గా వేసుకున్నవాళ్ళకీ అంతే, ఉత్త మాత్ర అందినవాళ్ళకీ అంతే. నువ్వు సీసా మొత్తం మన లేక్ సుపీరియర్ సరస్సులో పారేసినా తేడా ఉండేది కాదు. ఓడిపోయింది నా మందు. నువ్వు కాదు."

"నిజంగా పనికిరాదా?"

"బొత్తిగా! నా అంత ఘోరంగా తప్పిన మనిషి ఈ ఊళ్ళో లేదు. కావాలంటే కార్లాని అడుగు."

జోలీన్ నా వైపు చూసింది. నేను తలూపాను. అప్పుడు కోటు విప్పి, కూర్చుని, తనివితీరా ఏడ్చింది. డాక్టరమ్మ ఓదార్చలేదు. పట్టుకున్న జోలీన్ చెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ ఫోను దగ్గరుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లులందరికీ వరసగా చేస్తోంది.

"ఎవరూ ఎత్తరు చూడు" అంది నాతో.

అందరూ ఎత్తారు. ప్రతి ఒక్కరికీ తన మందు ఎంత దండగో, తను ఎంత తెలివితక్కువదో పూసగుచ్చినట్టు చెప్పింది. ఒకావిడ ఏడుస్తూ ఏడుస్తూ పక్కున నవ్వినట్టుంది. డాక్టరమ్మకి రోషం వచ్చింది.

"నవ్వుతావేంటమ్మా? నేను నిజంగానే ఓడిపోయాను!"