గోడ మీది తెల్ల డబ్బాలు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్క సందులో అయిదంతస్తుల కాంప్లెక్సు ఒకటుంది. కింద చీరల దుకాణాలు, పైన కోచింగ్ హాళ్లు. దాని ఏసీ మిషను చూసుకునేది సిద్ధిరాములు. పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చి పందొమ్మిదేళ్లయింది. పొద్దున మిషను వేయడం, సాయంత్రం ఆపడం, మధ్యలో టెర్రస్ మీద కుర్చీ, చాయ్. మే నెలలో రెండో అంతస్తు పిల్లలు స్వెట్టర్లు వేసుకుంటే, నాలుగో అంతస్తు వాళ్లు నోటుపుస్తకాలతో విసురుకునేవాళ్లు. ఎవరైనా పైకొచ్చి మొత్తుకుంటే "మిషిన్ పాతది, నేనేం జేస్త" అనేవాడు. నిజమే, మిషను పాతదే. మనిషీ కొంచెం పాతబడ్డాడు.

ఏప్రిల్లో యజమాని పట్టాభి ఒక ఇంజనీరమ్మను తీసుకొచ్చాడు. పేరు మృదుల. కరెంటు ఎక్కడ వృథా అవుతోందో, మిషను మార్చాలో వద్దో చూస్తుందట. వస్తూనే హాలుకొకటి చొప్పున అరచేతంత తెల్ల డబ్బాలు గోడలకు అతికించింది. వాటిలో ఎర్రలైటు మిణుకుమంటోంది.

"గివేంది మేడం?"

"హాలు ఎంత వేడిగా ఉందో రాసుకుంటాయండీ. రెండు వారాలుంచి తీసేస్తాను."

ఆ మాత్రం దానికి డబ్బాలెందుకు? చెమట పడితే మనిషికి తెలియదా? సిద్ధిరాములు నమ్మలేదు. అవి చూస్తున్నది వేడిని కాదు, తనను. ఇంటికెళ్లి చెబితే భార్య అంజమ్మదీ అదే మాట. "నీ కొలువుకే ఎసరు పెడుతున్నరు. జర పైలం."

మర్నాటి నుంచి అతను కూర్చుంటే ఒట్టు. హాలు ఖాళీ అవగానే గాలిగొట్టం మూత మూసేవాడు, క్లాసుకు ముందు తెరిచేవాడు. ఎండ కొట్టే వైపు పరదాలు లాగేవాడు. దుమ్ము పట్టిన జాలీలన్నీ కడిగాడు. మూతల దగ్గర నూలుపోగు కట్టి, అది ఊగే తీరు చూసి గాలి సరిచేశాడు. మగ్గం ముందు పెరిగినవాడికి పోగు మాట అర్థమవుతుంది. ప్రతి డబ్బా ముందూ ముఖం బాగా కనబడేలా కాసేపు నిలబడి మరీ కదిలేవాడు. మోకాళ్లు పీకేవి. ఆ ఇంజనీరు పిల్ల మీద ఒళ్లు మండేది.

రెండు వారాలయ్యాక పట్టాభి గదిలో మృదుల కాగితాలు పరిచింది. ఇక ఇంటికే అనుకుంటూ సిద్ధిరాములు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"కొత్త మిషను అక్కర్లేదండీ. ఈ రెండు వారాల్లోనే కరెంటు వాడకం అయిదో వంతు తగ్గింది. హాళ్లన్నీ ఒకేలా చల్లగా ఉన్నాయి. ఇదంతా ఈయన చేతి పనే."

"అంటే అవి కెమెరాలు గావా మేడం?" నోరు జారాడు సిద్ధిరాములు.

మృదుల నవ్వింది. పట్టాభి నవ్వలేదు.

"మరి పందొమ్మిదేళ్లూ ఏం చేశావయ్యా?"

మిషను పాతదని ఈసారి సిద్ధిరాములు అనలేకపోయాడు. పట్టాభి రేపటి నుంచి రోజూ ఇలాగే చెయ్యమని అతన్ని పంపేశాడు.

ఇంట్లో అంజమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "కొలువున్నదా, పోయిందా?"

"ఉన్నది," అన్నాడు సిద్ధిరాములు, మోకాళ్లు పట్టుకుని కూలబడుతూ. "గని ఇగ పని జెయ్యాల్నంట."