బస్సులో ఒక సైగ

ఈ రోజు ఒంగోలు నుంచి గుంటూరు వస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ భర్తకి సీటు దొరక్క, ఆయన ముందు తలుపు దగ్గర నిలబడ్డారు. అక్కణ్ణుంచే బొటనవేలు నోటి వైపు చూపించి, నీళ్ళు తాగావా అని అడిగారు. ఈవిడ సీసా ఎత్తి చూపించింది. ఆయన చాలదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఈవిడ విసుక్కుంటూనే ఇంకో రెండు గుక్కలు తాగింది.

"నలభై ఏళ్ళ నుంచి ఇదే వరసండి," అంది నాతో. "మీవారు రాలేదా?"

"లేరండి. పోయి రెండేళ్ళయింది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, కాసేపటికి అలాగే నిద్రపోయింది.

చిలకలూరిపేట వస్తుండగా ఆయన నా వైపు చూసి, వేలితో ఆవిణ్ణి చూపించి, అరచెయ్యి మెల్లగా పైకి కదిపారు. లేపమ్మా, దిగాలి అని. లేపాను. ఇద్దరూ నాకు తలూపి దిగిపోయారు.

నాతో ఎవరైనా అలా మాట్లాడి చాలా రోజులైంది. పెళ్ళిళ్ళలో మా ఆయన జనం అవతల నుంచి చెవి తమ్మె పట్టుకుంటే, ఇక బయల్దేరదామని అర్థం. నేను చూడనట్టు నటించి ఇంకో గంట కబుర్లు చెప్పేదాన్ని. ఇప్పుడు ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు.

మీ ఇంట్లో అలాంటి సైగ ఏముందో చెప్పండి. ఈసారి అది కనిపిస్తే మాత్రం, వెంటనే లేచి వెళ్ళండి.